కొండల్ రాసిన గోడ

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం వస్తే, మా సంఘంలో ఒకరు బిడ్డ పరీక్షల కోసం, ఇంకొకరు మోకాళ్ల నొప్పుల కోసం చెప్పుకునేవారు. పెయింటర్ కొండల్ మాత్రం లేచి నిలబడి, "శివశంకర్ నాశనం గావాలె. వాని ఇంట్ల దీపం పెట్టేటోడు లేకుండ పోవాలె. అందరు ప్రార్థన చేయుండ్రి" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి కూర్చునేవాడు. పాస్టరు గారు బైబిలు పేజీ ఒకటి తిప్పి, ఇంకొకరి వైపు తిరిగేవారు.

మాది మామిడిపల్లి దాటాక, ఎయిర్‌పోర్టు వెనక గోడకు అవతల ఉన్న చిన్న వాడ. నేను అక్కడి బడిలో పంతులుని. రేకుల కప్పు వేసిన ఆ మందిరంలోనే నేనూ కూర్చునేవాణ్ణి. అందుకే ఇందులో కొంత నేను చూసింది, కొంత కొండల్ నోటి వెంట విన్నది.

కొండల్ తల్లి సత్తెమ్మ రాళ్లు కొట్టి అతన్ని పెంచింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కొడుకు చిన్నప్పుడు బొగ్గుతో ఇంటి గోడలన్నీ అక్షరాలతో నింపేస్తుంటే, చుట్టుపక్కల వాళ్లు తిట్టినా ఆమె తిట్టలేదు. "ప్రభువు ఇచ్చిన చెయ్యి ఇది, ఆగమాగం చేసుకోకు బిడ్డా" అనేది. బడి మానేశాక అతన్ని ఆరాంఘర్ చౌరస్తా దగ్గర బోర్డులు రాసే జిలానీ దగ్గర పెట్టింది. జిలానీ ఉర్దూ, తెలుగు రెండూ ఒకే చేత్తో ఒలికించే మనిషి. కొన్నేళ్లకు ఆ ఉస్తాదే, "నా దుకాణంల పెయింట్ తీస్కపో, పని నువ్వే చేస్కో, నా కండ్లు పోతున్నయి" అని కుంచెలన్నీ కొండల్‌కు ఇచ్చేశాడు.

రెండు వేల ఎనిమిదిలో విమానాశ్రయం తెరిచారు. శంషాబాద్ చుట్టూ లాడ్జీలు, హోటళ్లు, వెంచర్లు మొలిచాయి. మొహాలు కనబడాలంటే ఫ్లెక్సీ, పొడవాటి ప్రహరీ గోడ మీద పేరు కావాలంటే కొండల్. ఎంత పెద్ద గోడైనా నిచ్చెన ఎక్కి, సుద్ద రాసిన దారం లాగి ఒక గీత కొట్టి, ఇక వెనక్కి దిగి చూసుకోకుండా రాసుకుంటూ పోయేవాడు. సత్తెమ్మ పోయినప్పుడు ఆమె సమాధి రాయి మీద పేరు కూడా అతనే రాశాడు. ఆ ఒక్క పేరుకు రోజంతా తీసుకున్నాడని ప్రేమలత, అంటే కొండల్ భార్య, చెప్పింది.

శివశంకర్ ఈ వాడ పక్కనే పుట్టిన మనిషి. కొండల్‌తో గోలీలు ఆడినవాడు. మొదట రాళ్ల లారీ నడిపాడు. ఎయిర్‌పోర్టు వచ్చాక భూముల బేరగాడయ్యాడు, తెల్ల చొక్కా తప్ప వేరేది తొడగడం మానేశాడు. మా సమాధుల తోట పక్కన కొంత పొలం కొని, 'శుభోదయ గార్డెన్స్' అని వెంచర్ పెట్టి, గోడ మీద పేరు రాయమని కొండల్‌ను పిలిచాడు.

గోడ అప్పటికి రోడ్డు వైపు మాత్రమే లేచింది. కొండల్‌కు అనుమానం వచ్చి అడిగాడు.

"వెనక మనోళ్ల సమాధులున్నయి గదరా. గోడ యాడిదాక వస్తది?"

"గా జాగ జోలికి మనమెందుకు పోతమన్నా. సత్తెమ్మ చేతి బువ్వ తిన్నోణ్ణి నేను" అన్నాడు శివశంకర్.

కొండల్ నమ్మాడు. ఎర్ర ఎనామిల్‌తో, మనిషంత ఎత్తు అక్షరాలతో ఆ పేరు రాశాడు. తన జీవితంలో అంత బాగా కుదిరిన గోడ ఇంకోటి లేదని చాలాసార్లు అన్నాడు నాతో. అంటున్నప్పుడు పళ్లు కొరికేవాడు.

ఆ వచ్చిన వేసవిలో సంఘమంతా లారీ కట్టుకుని సువార్త కూటాలకు వెళ్లాం. తిరిగి వచ్చేసరికి సమాధుల తోట లేదు. ఎర్రమట్టి చదునుగా, నీళ్లు చల్లి రోలర్ తిప్పి ఉంది. సిలువలు, పేర్ల రాళ్లు, ఇటుక ముక్కలు అన్నీ ఒక మూల కుప్పగా పోసి ఉన్నాయి. కొండల్ ఆ కుప్పను చేతులతోనే పెళ్లగించాడు. తల్లి రాయి రెండు ముక్కలై దొరికింది. 'సత్తె' ఒక ముక్క మీద, 'మ్మ' ఒక ముక్క మీద. తలెత్తి చూస్తే తను రాసిన 'శుభోదయ గార్డెన్స్' ఎండలో మెరుస్తోంది.

పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ భూమి శ్మశానమని కాగితాల్లో ఎక్కడా లేదన్నారు అధికారులు. మీ తాతలు అక్కడ పడుకుని ఉంటే ఉండవచ్చు గాని రాసి లేదు కదా అన్నారు.

కొండల్ ఆఫీసులకు పోలేదు. నల్ల పెయింట్ డబ్బా తీసుకుని శివశంకర్ ఇంటికి పోయి, వాకిట్లో ఉన్న అతని తెల్ల కారు మీద పోశాడు. అద్దాల మీద, సీట్ల మీద, చివరి చుక్క దాకా పోశాడు. శివశంకర్ మనుషులు అతన్ని పట్టుకుని కొట్టారు. పక్కటెముక విరిగింది. వాళ్లలో ఒకడు చెయ్యి తొక్కబోతే శివశంకర్ వరండాలోంచే అన్నాడట:

"చెయ్యి జోలికి పోకుండ్రిరా. రేపు మన బోర్డులు వీడే రాయాలె."

దెబ్బలు ఎప్పుడో మరిచిపోయానని, ఆ మాట మాత్రం మరవలేదని కొండల్ అనేవాడు. అతను మందిరంలో నాశనం కోరుతూ మనవి చెప్పడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

పాస్టరు రాజశేఖర్ గారు కోస్తా వైపు నుంచి వచ్చినవారు. మెత్తని మనిషి. దవాఖానలో కొండల్ మంచం పక్కన కూర్చుని ఆయన అన్న మాటలు నేను విన్నాను.

"కొండల్, దేవుడు మీ చేతిలో ఒక తలాంతు, ఒక వరం, పెట్టాడు. పగ పెట్టుకుంటే ఆ తలాంతును మట్టిలో పాతిపెట్టినట్టే అవుతుంది. దాన్ని బయటికి తియ్యండి, నలుగురికీ ఉపయోగపడనివ్వండి."

మందిరం గోడల మీద వాక్యాలు రాయించాలని ఆయన ఉద్దేశం. కొండల్ తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"మంచి మాట చెప్పిండ్రు అయ్యగారు. పాతిపెట్ట" అన్నాడు.

అంటే పాతిపెట్టనని. పక్కటెముక కట్టు విప్పిన మరునాడే నిచ్చెన భుజాన వేసుకుని పట్టపగలు శుభోదయ గార్డెన్స్ గోడ దగ్గరికి పోయాడు. వెంచర్ పేరు కింద, అంతే ఎర్రగా, అంతే అందంగా, మా వైపు తల్లిని పిలిచే మాటతోనే రాశాడు: 'దీని కింద మా అవ్వ సత్తెమ్మ ఉన్నది.'

కాపలావాడు అరిచాడు గాని నిచ్చెన మీది మనిషి కళ్లు చూసి దగ్గరికి రాలేదు. సాయంత్రానికి సున్నం కొట్టించారు. కొండల్ నవ్వాడు. నున్నటి ఎనామిల్ మీద సున్నం పట్టదు, ఆరాక పొట్టు పొట్టుగా రాలిపోతుంది. రెండో రోజు ఎండ ఎక్కేసరికి సత్తెమ్మ మళ్లీ బయటపడింది. ప్లాస్టరు చెక్కించారు, పక్కనే మళ్లీ రాశాడు. పోలీసు స్టేషన్‌కు పిలిపించారు. రాసింది అబద్ధమైతే కేసు పెట్టమన్నాడు కొండల్. అక్కడి ఎస్సై అతన్ని పంపించేశాడు.

ఆదివారాల్లో పట్నం నుంచి జనం ప్లాట్లు చూడటానికి పెళ్లాం పిల్లలతో కార్లలో వచ్చేవారు. కొండల్ ప్రార్థన అయిపోగానే వచ్చి గోడ ఎదురుగా బండ మీద కూర్చునేవాడు. కారు ఆగేది. ఆడవాళ్లు గోడ చదివేవారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. కారు వెనక్కి తిరిగేది.

"సార్, గా కార్లు మర్లిపోతుంటే కడుపు నిండుతది నాకు. ఇంటికి పోయి బువ్వ గూడ తినబుద్ధి గాదు" అన్నాడొకసారి. అతని మొహంలో వెలుగు చూసి నాకు భయం వేసింది.

ఒక ఉదయం ఐలయ్య వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. వాడలో అందరికంటే పెద్దవాడు. భార్య అనంతమ్మను అక్కడే పూడ్చాడు.

"నా ముసల్దాని పేరు గూడ రాయి బిడ్డా."

"ఇది నా కొట్లాట పెద్దయ్యా. నీకెందుకు?"

"కొట్లాట గాదు. దాని రాయి దొరకలే నాకు. ఇగ యాడ పెట్టాలె పూలు?"

కొండల్ సుద్ద దారం లాగాడు. అనంతమ్మ పేరు రాస్తున్నంతసేపు ఐలయ్య కిందనుంచి ఆమె సంగతులు చెబుతూనే ఉన్నాడు, చింతకాయ తొక్కు ఎట్లా నూరేదో, కోపం వస్తే ఎట్లా అలిగి పడుకునేదో. పేరు ఆరగానే దాని కింద నాలుగు బంతిపూలు పెట్టి, తలపాగా తీసి నిలబడ్డాడు.

అది చూసి అందరూ వచ్చారు. పోయిన తండ్రుల, తల్లుల, కాన్పులో పోయిన కూతుళ్ల పేర్లు రాయించుకున్నారు. పేరు ఎట్లా రాయాలో కూడా తెలియని వాళ్లను నోటితో పలకమని, వాళ్లు పలికినట్టే రాసేవాడు. ఆ మనిషి ఎట్లా ఉండేవారో అడిగి తెలుసుకునేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. పెయింట్ జిలానీ పంపేవాడు. "సచ్చినోళ్ల పేర్లకు పైసలేంది" అని అతనూ తీసుకోలేదు. ఆ గోడ నిండిపోతుంటే మా వాడ ఆడవాళ్లు ప్రతి ఆదివారం అక్కడికే నడిచివెళ్లేవారు.

చూసేవాళ్లకు అది గొప్ప సేవలా ఉండేది. కొండల్‌కు ఆ భ్రమ లేదు. ఒక్కొక్క పేరూ శివశంకర్ మెడకు ఒక్కొక్క రాయి అని లెక్క. పాస్టరు గారు ఒకనాడు గోడ దగ్గరికే వచ్చి అడిగేశారు.

"ఇది పరిచర్యా, పగా, కొండల్?"

"రెండు గూడ అయ్యగారు. పరిచర్య కోసం మీరు ప్రార్థన చేయుండ్రి. పగ సంగతి నేను చూసుకుంట."

ప్లాట్లు అమ్ముడుపోక శివశంకర్ దిగివచ్చాడు. పెద్దల్ని పిలిపించి, ముందు భాగం తనకు వదిలేస్తే వెనక భాగం, అంటే ఎక్కువ సమాధులున్న మెరక, సంఘానికి రాసిస్తానన్నాడు. పేర్లు మాత్రం తుడిచెయ్యాలన్నాడు. పెద్దలు ఒప్పుకుందామన్నారు. కొండల్ ఒప్పుకోలేదు.

"నాకు జాగ వద్దు. వాడు మట్టిల కలవాలె. వాడు రోడ్డు మీద పడి అడుక్కతినేదాక గోడ ఇడువ."

ఐలయ్య కర్ర నేలకు కొట్టి లేచాడు. "అంటే నీ పగకు మా పీనుగులను వాడుకుంటున్నవారా? నా అనంతమ్మను నీ కొట్లాటల కట్టె లెక్క వాడుకుంటున్నవా?"

కొండల్ మెడ వంచి బయటికి పోయాడు గాని మాట మార్చుకోలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు పెద్దలు అతనితో సరిగా మాట్లాడలేదు. అతను మరింత బిగుసుకుపోయాడు. ప్రేమలత అన్నం పెడుతూ ఏదైనా చెప్పబోతే కంచం వదిలి లేచిపోయేవాడు.

రెండు వేల పన్నెండు వానాకాలంలో అతని ఇంటికి ఎవరూ అనుకోని మనిషి వచ్చింది. శివశంకర్ తల్లి దుర్గవ్వ. కర్ర పట్టుకుని, కొడుకుకు తెలియకుండా, ఆటో కూడా ఎక్కకుండా నడిచి వచ్చింది. కొండల్ గడపలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"కొడుకు తోలిండా?"

"వానికి ఎరుకలేదు. ఎరుకైతే రానియ్యడు. జర కూసోనీయి బిడ్డా, కాళ్లు గుంజుతున్నయి."

ప్రేమలత పీట వేసి నీళ్లిచ్చింది. దుర్గవ్వ నీళ్లు తాగి, చెంబు ఒళ్లో పెట్టుకునే చెప్పింది.

"నాకు మొదటి కాన్పుల బిడ్డ పుట్టింది. శివశంకర్ కన్న ముంగట. మా అత్త పేరే పెట్టుకున్నం, ఈదమ్మ అని. నెల దాటినంక జరమొచ్చి పోయింది. అప్పుడు మాకు గుంట జాగ లేదు. ఆయన రాళ్ల పనికి యాడికో పోయిండు. వాన ముంచి కొడుతున్నది. మీ అవ్వ సత్తెమ్మనే గునపం పట్టి, మీ తోటల ఒక మూల తవ్వి, నా బిడ్డను పెట్టింది. 'నా దేవుడు గూడ నీ బిడ్డను చూసుకుంటడు, ఏడ్వకు' అన్నది. నా కొడుక్కు ఇప్పటిదాక చెప్పలే నేను. వాడు మిషిని పెట్టి దున్నించిననాడు గూడ నోరు రాలే నాకు." చెంబు పక్కన పెట్టింది. "అందరి పేర్లు రాస్తున్నవంట. నా బిడ్డ పేరు గూడ రాస్తవా?"

రాస్తానన్నాడు కొండల్. ఆమె వాకిలి దాటగానే అతను చేతులు రెండూ చరుచుకున్నాడు.

"దొరికిండు! తోడబుట్టినదాని మీదికి మిషిని తోలిండు! ఇగ చూడు, గేటు పక్కన నిలువెత్తు రాస్త. 'శివశంకర్ అక్క ఈదమ్మ ఇక్కడ ఉన్నది' అని. వాడు లోపలికి పోయినప్పుడల్ల, బయటికి వచ్చినప్పుడల్ల చదవాలె. వాని చుట్టాలు చదవాలె. చచ్చేదాక వాడు తలెత్తొద్దు."

"ఆ అవ్వ గట్ల రాయుమన్నదా?" అంది ప్రేమలత.

అతను సుద్ద దారం తీసి సంచిలో పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున్నే గేటు పక్క ఖాళీ గోడ మీద సుద్ద గీతలు కొట్టాడు. ఒక్కొక్క అక్షరం మనిషంత. ఆ సమయానికి నేను బడికి పోతూ ఆగాను. దుర్గవ్వ అప్పటికే అక్కడ ఉంది. గోడ పట్టుకుని నడుస్తూ, చదువు రాదు కనుక ప్రతి పేరునూ వేలితో చూపిస్తూ, "ఇది ఎవరిది? ఇది ఎవరిది?" అని అడుగుతోంది. గేటు దగ్గరికి వచ్చి ఆ గీతలు చూసింది.

"ఇదేనా నా బిడ్డకు?"

"ఇదే."

ఆమె తల పైకెత్తి ఆ ఎత్తును చూసింది. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని రెండు అరచేతులు ఎదురెదురుగా పట్టి చూపించింది. "గింత పెద్దగ ఎందుకు బిడ్డా? అది గింతనే ఉండె. జర చిన్నగ రాయి. సత్తెమ్మ పక్కన రాయి. ఆమె చేతులల్లనే పెట్టిన గద."

కొండల్ చేతిలో కుంచె నిండా ఎరుపు ఉంది. చుక్క చుక్కగా చెప్పు మీద పడుతోంది. అంత పెద్ద దెబ్బ మళ్లీ ఎప్పుడూ చేతికి రాదు. అది అతనికి తెలుసు, చూస్తున్న నాకూ తెలుసు. భుజం మీది తువ్వాలుతో ఆ సుద్ద గీతలన్నీ తుడిచేశాడు. కోపంగానే తుడిచాడు, గోడకు దెబ్బలు వేసినట్టు. నిచ్చెన మోసుకుపోయి, సత్తెమ్మ పేరు పక్కన సన్న కుంచెతో 'ఈదమ్మ' అని రాశాడు. అంతే. ఎవరి అక్కో రాయలేదు.

దుర్గవ్వ పెయింట్ ఆరకముందే వేలితో తడిమింది. 'మ్మ' ఒకవైపు చెరిగింది. కొండల్ వెంట వచ్చిన ప్రేమలత అయ్యో అంది గాని కొండల్ దాన్ని సరిచెయ్యలేదు.

మధ్యాహ్నం శివశంకర్ కారు వచ్చింది. తల్లి గోడకు ఆనుకుని మట్టిలో కూర్చుని ఉండటం చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఏందవ్వా ఇక్కడ? వీడు తీస్కొచ్చిండా నిన్ను?"

"మీ అక్క దగ్గర కూసున్న" అంది ఆమె. అప్పుడు మొత్తం చెప్పింది.

కొండల్ అంతా బండ మీది నుంచి చూశాడు. శివశంకర్ తెల్ల చొక్కాతో ఆ మట్టిలో ఎట్లా కూలబడ్డాడో కూడా చూశాడు. ఇన్నేళ్లుగా తను అడిగింది అదే. సాయంత్రం నాతో అన్నాడు: "చూసిన సార్. కండ్ల నిండ చూసిన. గని చాలలే. ఎందుకు చాలలేదో సమజైతలేదు."

ఆ గోడకు మళ్లీ సున్నం కొట్టలేదు. శివశంకర్ వెనక మెరకంతా సంఘానికి రిజిస్టరు చేయించాడు, పేర్లు తుడవమని అడగలేదు. ముందు భాగం మాత్రం పోయింది. అక్కడ ఇప్పుడు రెండంతస్తుల ఇళ్లు ఉన్నాయి, వాటి కింద ఎవరెవరు ఉన్నారో మాకు తెలుసు. పెద్దలు ఒప్పుకున్నప్పుడు కొండల్ అడ్డు చెప్పలేదు. సంతకాల రోజు మాత్రం రాలేదు. సత్తెమ్మ పడుకున్నది ముందు భాగంలో.

పేర్ల సంగతి ఊళ్లు పట్టుకుంది. జల్‌పల్లి నుంచి, శంషాబాద్ నుంచి మనుషులు వచ్చి పిలిచేవారు. క్రైస్తవులే కాదు, ఎవరు పిలిచినా పోయేవాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని దాదాపు పోయింది. ఎయిర్‌పోర్టు గోదాముల మీద నంబర్లు వేసి ఇల్లు నడిపేవాడు. సమాధి మీద పేరుకు మాత్రం ఎన్నడూ కూలి తీసుకోలేదు. చదువు రాని వాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల మనిషి పేరును ఒక్కొక్క అక్షరం వేలితో పట్టించి నేర్పేవాడు. పాస్టరు గారు దాన్ని చూసి, పరిచర్యా పగా అని మళ్లీ అడగడం మానేశారు. కొండల్ శివశంకర్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు మీద ఎదురుపడితే ఉమ్మేసి పోయేవాడు.

రెండు వేల పద్నాలుగు ఎండాకాలంలో దుర్గవ్వ చనిపోయింది. శివశంకర్ తన పొలంలోనే పూడ్చి సమాధి కట్టించాడు. పెద్ద కర్మ ముందు రోజు అతనే స్వయంగా కొండల్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పులు బయటే విడిచాడు.

"అవ్వ చెప్పిపోయింది. తన పేరు నీ చేత్తోనే రాపియ్యమన్నది."

కొండల్ అతని వంక చూడకుండా లోపలికి పోయాడు. వాకిట్లో ఉన్న మేం ఇక రాడేమో అనుకున్నాం. కుంచెలు, డబ్బా తీసుకుని బయటికి వచ్చాడు.

పొలంలో ఎక్కడా నీడ లేదు. కొండల్ ఎర్ర పెయింట్ డబ్బా మూత తీసి శివశంకర్ చేతిలో పెట్టాడు. "పట్టుకో" అన్నాడు. అన్నేళ్లలో అతనితో అన్న మొదటి మాట అది. స్టూలు తెచ్చి డబ్బా దాని మీద పెడదామని పనిమనిషి రాబోతే, కొండల్ కుంచె అడ్డం పెట్టి ఆపాడు. ఎండ నెత్తికెక్కే దాకా రాశాడు. అంతసేపూ శివశంకర్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. కుంచె ముంచి తీసినప్పుడల్లా చుక్కలు అతని తెల్ల చొక్కా మీద పడుతుంటే తుడుచుకోలేదు. 'దుర్గవ్వ' అని రాసిన ఆ పేరును నేను చూశాను. తల్లి పేరుకు పెట్టినంత శ్రద్ధ పెట్టాడు దానికి.

"అన్నా, మాఫ్ చెయ్" అన్నాడు శివశంకర్ చివరికి.

కొండల్ కిరసనాయిలులో కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. సమాధి ముందు తల వంచి దుర్గవ్వ కోసం చిన్న ప్రార్థన చేశాడు. "ఆమె కోసం వచ్చిన" అన్నాడు. డబ్బా కింద పెట్టమని చెప్పలేదు. అతన్ని అట్లాగే నిలబెట్టి గట్ల మీదుగా ఇంటికి నడిచిపోయాడు.